ఆర్పని కర్పూరం

1952 ఆగస్టు 11, సోమవారం

దేవేంద్రప్ప ఎద్దు చచ్చిపోయింది. ఊళ్లో పెద్దరైతు ఆయన. విషం పెట్టింది ప్రేమయ్య అయ్యవారే అంటున్నాడు. అంటే నేనే, గేరి బడి పంతులును. తెల్లవారుజామున ప్రార్థనకు పోతూ ఆయన కొట్టం పక్కగా నడిచాను. అది నిజం. మా గేరిలో, అంటే మా పేటలో, అందరూ చెప్పులు కుట్టి బతికేవాళ్లే. తోలు కోసం నాతో చంపించారని ఆయన అనుమానం.

మా గేరి పెద్ద బొజ్జన్న నోరు ఆపుకోలేదు. అది నాము తినిందప్పా, వాన లేక వాడిన లేత జొన్నలో విషముంటాదని నీకు తెల్దా, కడుపు కోసి చూద్దాం అన్నాడు. నా సేను సుట్టూ ముండ్లకంప ఉండాది, యాడ తింటాది, నా ఎద్దును కోసేకి నీకు శానా ఆత్రంగా ఉండాదే అన్నాడు దేవేంద్రప్ప. ఎద్దును పూడ్చేశారు. సాక్ష్యం కూడా దాంతోనే పోయింది.

12, మంగళవారం

శుక్రవారం ఈరన్న గుడి ముందు నేను కర్పూరం ఆర్పి ప్రమాణం చేయాలట. అబద్ధమైతే ఆర్పినవాడి ఇల్లే ఆరిపోతుందని ఊరి నమ్మకం. చేసేదాకా గేరికి నీళ్లు పొయ్యరు. ఎండిపోని బావి దేవేంద్రప్పది ఒక్కటే.

నేను ఒట్టు పెట్టను. ఏ దేవుడి మీదా. నా దేవుడి మీద కూడా. స్కూల్లో పిల్లలకు అదే నేర్పాను.

14, గురువారం

పక్కింటి ఈరక్క ఖాళీ కడవ తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. మీ ఏసయ్య కొంచేపు కండ్లు మూసుకుంటాడులే అయ్యవారూ, పుటుక్కున ఆర్పేసి రాపో, పిల్లోళ్లు నాలిక ఎండి ఏడుస్తాండారు అంది. నవ్వాను. ఆమె నవ్వలేదు.

నేను పట్టుకున్నది విశ్వాసమా, మొండితనమా? మోకాళ్ల మీద అడిగాను.

15, శుక్రవారం

పొద్దున స్కూల్లో జెండా ఎగరేశాను. సాయంత్రం గుడి బయట బండ మీద కర్పూరం వెలిగించారు. నేను చంపలేదు, అంతే చెప్తాను, ఒట్టు పెట్టను అన్నాను. కర్పూరం దానంతటదే ఆరింది. ఎవరో మట్టిగడ్డ విసిరారు. చెవి చిట్లింది.

పొద్దున్నే ఊరిడిసి పో, నువ్వు పోతే గేరికి నీళ్లు పోస్తాం అన్నాడు దేవేంద్రప్ప. పోతానన్నాను. దండం పెట్టాను. ఆయన మొహం తిప్పుకున్నాడు.

16, శనివారం మధ్యాహ్నం

పొద్దున్నే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని డోన్ దారి పట్టాను. దేవేంద్రప్ప రెండో ఎద్దు ఆయన జొన్నచేలోనే మేస్తోంది. కంప ఒకచోట పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. తాకితే ఈ నేరమూ నాదే. తాకకపోతే ఎద్దు చస్తుంది.

పెట్టె దించి పగ్గం పట్టుకుని లాగాను. కదల్లేదు. కేకలు వేశాను.

దేవేంద్రప్ప గొడ్డలితో పరిగెత్తి వచ్చాడు. నా చేతిలో పగ్గం చూశాడు. ఎద్దు నోట్లో జొన్నాకు చూశాడు. కంపలో సందు చూశాడు. ఎంత తినింది అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. గొడ్డలి పారేశాడు. ఇద్దరం లాగాం. ఆయన ఇంటి నుంచి తెప్పించి విరుగుడుగా బెల్లం నీళ్లు తాగించాం. ఎద్దు పడిపోకుండా నిలబడింది.

ఆయన పోయి ఒరిగిన కంపను నిలబెట్టాడు. నేను పెట్టె ఎత్తుకున్నాను. కేకలు విని వచ్చిన బొజ్జన్న దాన్ని నా నెత్తి మీంచి లాక్కున్నాడు. యాడికి పోతాండావప్పా, పిల్లోళ్లకు ఎక్కాలు నేను చెప్పల్లనా అన్నాడు.

18, సోమవారం

గేరికి నీళ్లు వచ్చాయి. బడి గుమ్మానికి ఎవరో గంట కట్టి పోయారు. పూడ్చిన ఎద్దు మెడలోది. కొట్టాను.