గంగామణక్క పని గంటలు

అవ్వకు, బాపుకు దండాలు. ఫోనులో చెబితే బాపుకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. నా కుట్టు దుకాణం గురించి ఇక దిగులు పడకండి.

గిరాకీ తగ్గిందని, రోజుకు ఐదు గంటలు కుట్టే గంగామణక్కను రోజుకు రెండు గంటలే కుట్టమందామనుకున్నాను. ముందుగా మా వీధి వకీలును అడిగాను. "తగ్గిస్తనని అడిగే హక్కు నీకుంది. కానీ ఐదు గంటలని కాగితం రాసిచ్చినవ్ గదా, ఆమె ఒప్పుకోకుంట నువ్వొక్కదానివే మార్చొద్దు" అన్నాడు.

భయపడుతూనే అక్కకు చెప్పాను. ఆమె మిషన్ ఆపి, "నేనొప్పుకోను వినీతా. గంటలు తగ్గించుడెందుకు, పోయి పని తెచ్చుకుందాం పా" అని నన్ను బోధన్ బస్సెక్కించింది. సాయంత్రానికల్లా రెండు బడుల యూనిఫారాలు కుట్టే పని మాకే దొరికింది. ఇప్పుడు ఏడు గంటలు రమ్మని నేనే బతిమాలుతున్నాను. "ఇంట్ల అడిగి చెప్త" అని నవ్వుతోంది.

అటక మీది పాత కుట్టుమిషన్‌ను ఆర్మూరు దాకా ఆటోలో పంపితే నేనొచ్చి తీసుకుంటాను. పసుపు అమ్మారా? చెల్లె పరీక్షలు ఎలా రాసింది?

గంగామణక్క మీకు దండం చెప్పమంది. తన పేరు కార్డులో రాశానా లేదా అని రెండుసార్లు అడిగింది.

మీ బిడ్డ,
వినీత