కరెంటు పోతే చచ్చినట్టే

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక పాస్టరుగారు భోంచేసి వెళ్ళారు. వెంటనే నీ కూతురు సునీత నీ కంప్యూటరును టీవీకి తగిలించి, టేపురికార్డరు క్యాసెట్టులోంచి విమానం నడిపే ఆట దాన్లోకి ఎక్కించింది.

నీకది ఆట కాదుగా! విమానానికి కిటికీలు తెరుచుకోవంటూ మండుటెండల్లో తలుపులన్నీ మూయించేవాడివి. గుంటూరులో రోజూ రెండింటికి కరెంటు తీస్తారని తెలిసే, సరిగ్గా పది నిమిషాల ముందు నన్ను కూర్చోబెట్టేవాడివి. తెర ఆరిపోగానే, "ఇంజను ఆగింది, చచ్చావురా! చచ్చినోడు మాట్లాడకూడదు" అనేవాడివి. రాత్రి అన్నాల దాకా నేను నోరెత్తకూడదు. నువ్వు మాత్రం అందరికీ చెప్పి నవ్వేవాడివి.

సునీత కిటికీలు బార్లా తెరిచి, మిరప ఘాటుకు తుమ్ముతూ, జామకాయ కొరుకుతూ విమానం నడిపింది. రెండింటికి కరెంటు పోయింది.

"చచ్చావే!" అన్నాను, అచ్చం నీలాగే.

"కరెంటు పోతే నేనెందుకు చస్తాను బాబాయ్? వచ్చాక మళ్ళీ ఎగరేస్తా" అంది.

వదిన పడీపడీ నవ్వింది. నువ్వు పోయాక ఆవిడ బాగా నవ్వుతోంది.

దండ వేసిన ఫోటోలో నీ మొహం చిటపటలాడుతున్నట్టే ఉంది. ఏం చేస్తాం? చచ్చినోడు మాట్లాడకూడదని రూలు పెట్టింది నువ్వే.