రెండో అంతస్తు మలుపులో కుర్చీ

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అంటే వేళకి తిని తిరుగుతున్నాం. నువ్వూ బావగారూ పిల్లలూ అక్కడ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. ఉలుకూ పలుకూ లేదేమని ఈపాటికి తిట్టుకునే ఉంటావు. ఎందుకు ఆలస్యమైందో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవి. నాన్న కండక్టరు సంచి భద్రంగా ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్ళు. కళ్ళజోడు మాత్రం కంటి ఆసుపత్రివాళ్ళకి ఇచ్చేశాం. మీ మరదలు ఇస్తుంటే చూడలేక నేను గదిలోకి వెళ్ళిపోయాను. చిన్నదానికి జ్వరం తగ్గింది. తాతయ్య మంచం మీదే చదువుకుంటోంది, లేవమంటే వినదు. నీ మోకాలి సంగతి ఒక్క ముక్కా రాయలేదు. దాచిపెడుతున్నావు కదూ? మన ఇంటిల్లిపాదికీ అదే రోగం.

ఇక అసలు మాట. "పోయేముందు మూడు నెలలు నాన్న కిందికే దిగలేదట, ఎందుకురా?" అని ఫోన్లో అడిగితే "ఓపిక లేకే" అన్నాను. ఉత్తరంలో మళ్ళీ అడిగావు. అప్పుడు నీతో చెప్పింది అబద్ధం.

మా బిల్డింగు నీకు తెలుసు. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు, మేం ఉండేది అన్నిటికన్నా పైన. ఓనర్ల అసోసియేషనుకి నేను సెక్రటరీనయ్యానంటే "ఇంక ఆ బిల్డింగు పని అయిపోయింది" అని నవ్వావు. అంతే అయింది. ఆ రోజుల్లో మెట్ల మీద సైకిళ్ళు, చెప్పుల స్టాండ్లు, ఒక పాత బీరువా ఉండేవి. మూడో అంతస్తు కోడలిని నొప్పులతో స్ట్రెచరు మీద దించుతుంటే ఆ బీరువా దగ్గర ఇరుక్కుపోయింది. ఆ తర్వాతే మీటింగులో రూలు పెట్టాం. మెట్ల మీద ఏ వస్తువూ ఉండకూడదు. నోటీసు అంటించిన వారంలోగా తీయకపోతే వాచ్‌మన్ తీసేస్తాడు. రూలు రాసిందీ నేనే, అమలు చేసిందీ నేనే. నా వెనక నన్ను 'నోటీసు' అంటారు. నేను మెట్లు దిగుతున్న చప్పుడైతే చాలు, చెప్పులన్నీ లోపలికి పోయేవి. నాకది ముచ్చటగా ఉండేదక్కా, దాచడమెందుకు.

మూడో అంతస్తు టీచరుగారి పూలకుండీలు పన్నెండూ తీయించాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అయినా నేను కరగలేదు. వారం తిరక్కుండా నన్ను మెట్ల మీద నిలేశారు.

"నా కుండీలే కనిపించాయా సెక్రటరీగారూ? రెండో అంతస్తు మలుపులో ఆ కుర్చీ ఏ పెద్దమనిషిది? దాని మీదికి చెయ్యి రావట్లేదా?"

వెళ్ళి చూశాను. పాత చెక్క కుర్చీ. ఒక చెయ్యి విరిగితే తాడుతో కట్టారు. ఎవర్నడిగినా మాది కాదంటే మాది కాదన్నారు. నోటీసు దాని వీపుకే అంటించాను.

ఆ పూట భోజనాల దగ్గర నాన్న అడిగారు. "ఏరా, ఓ మూలనున్న కుర్చీ ఎవరికడ్డం?"

"ఒకరికి వదిలితే అందరికీ వదలాలి నాన్నా. టీచరుగారికి మొహం ఎలా చూపించను?"

"అదీ నిజమేలే," అని మంచినీళ్ళు తాగి లేచారు.

ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడని సొంత బావమరిదినే దారి మధ్యలో దింపేసిన మనిషి కదా. మామయ్య ఆర్నెల్లు మన గడప తొక్కలేదు. ఆ పట్టుదల నాకు వచ్చిందని ఎవరైనా అంటే పొంగిపోయేవాణ్ణి. కానీ ముసలమ్మ ఎవరో ఆయాసపడుతూ వస్తుంటే బయల్దేరే బెల్లు కొట్టకుండా బస్సు ఆపి ఉంచిందీ ఆయనే. అది నాకు అబ్బలేదు.

పోయిన ఆదివారం నాన్న స్నేహితుడు, మా వీధి చివరి కొట్లో వాచీలు బాగుచేసే పెద్దాయన, మా ఇంటికి వచ్చారు. మధ్యలో రెండుచోట్ల మెట్ల మీదే కూలబడ్డారట.

"ఆ కుర్చీ నా కొట్లోదేనయ్యా," అన్నారు. "నేనే తెచ్చి పెట్టించాను. మీ నాన్న రోజూ పొద్దున్నే వచ్చి నా దగ్గర గంట కూర్చునేవాడు. తిరిగి ఎక్కేటప్పుడు గుండె పట్టేసేది. 'రెండో అంతస్తు స్టాపులో పది నిమిషాలు హాల్టు' అని నవ్వేవాడు. కొడుక్కి చెప్పవయ్యా అంటే, తెలిస్తే వాడు గుమ్మం దాటనివ్వడన్నాడు."

మీ మరదలు పక్కనే ఉండి, "మీకు తెలియదు కదండీ, ఊరుకోండి," అని ఓదార్చింది. నువ్వూ అదే అంటావు. కానీ నాకు తెలుసక్కా.

నోటీసు అంటించిన అయిదో రోజు ఆఫీసుకి దిగుతూ మూడో అంతస్తు నుంచి కిందికి చూశాను. నాన్న ఆ కుర్చీలో ఉన్నారు. కళ్ళు మూసుకుని, నోటితో గాలి పీలుస్తున్నారు. పట్టుమని పది మెట్లు దిగితే ఆయన దగ్గరుండేవాణ్ణి. దిగలేదు. నాకు ముందు తోచింది ఆయన ఆయాసం కాదు. సెక్రటరీ తండ్రిదే ఆ కుర్చీ అని టీచరుగారికి తెలిస్తే నా పరువేం కావాలని. చప్పుడు కాకుండా వెనక్కి ఎక్కేశాను. కాసేపటికి నాన్న ఇంట్లోకి వచ్చి, "ఇంకా వెళ్ళలేదట్రా?" అన్నారు. ఫైలు మర్చిపోయానన్నాను.

వారం పూర్తికాగానే కుర్చీ తీయించాను. మర్నాటి నుంచి ఆయన దిగలేదు. బాల్కనీలో నిలబడి కొట్టు వైపు చూసేవారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్తే నేను చూసిన సంగతి ఒప్పుకోవాలి. ఇవాళ రేపు అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను. ఆ గుండే ఆగిపోయింది.

పెద్దాయన్ని కిందికి దింపుతూ ఇదంతా చెప్పి ఏడ్చాను. ఆయన నా భుజం పట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు చూశావని వాడికి తెలుసయ్యా. కళ్ళు తెరిచేసరికి నీ బూట్లు పైకి వెళ్తూ కనిపించాయట. ఫోన్లో చెప్పాడు. 'మావాడు చూశాడు, ఏం చెయ్యాలో తోచక వెళ్ళిపోయాడు పాపం. వాడికి తలవంపులెందుకు, ఇంక నేను దిగనులే' అని."

ఆ 'పాపం' నన్నే అన్నారక్కా. ఆ తర్వాత మూడు నెలలు ఆయనా నేనూ రోజూ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

ఇట్లు,
సంజాయిషీ చెప్పుకోలేని
నీ తమ్ముడు