కల్లం మీద సిమెంటు వేయరాదు

మహబూబాబాద్ జిల్లా, డోర్నకల్‌కు దగ్గరలోని పెద్దబండగూడెం నివాసి, ప్రభువులో నిద్రించిన రైల్వే గ్యాంగ్‌మన్ సాంసన్ భార్య, బొల్లం యాకమ్మ అనే నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర బాగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి నాతో వాదనకు కూర్చోవచ్చు. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు.

1. నేనుంటున్న పెంకుటిల్లు, చెరువు కింది పొలం నా కొడుకు ప్రదీప్‌కు సర్వహక్కులతో చెందాలి. వాడు మంచివాడు. మిర్చి రేటు పడిపోయిన ఏడు కూడా నన్ను దవాఖానకు తీసుకుపోవడం మానలేదు. కానీ ఖాళీ జాగా కనిపిస్తే చాలు, ప్లాట్లు చేయాలన్న యావ వాడిది. అందుకే రెండో నిబంధన రాయవలసి వచ్చింది.

2. ఇంటి ముందరి మిర్చి కల్లం ప్రదీప్‌కు చెందదు. అది ఊరి పిల్లల ఆట కోసం ఉండాలి. బస్టాండు దగ్గర వెల్డింగు షాపు నడిపే జానీమియాను దానికి ధర్మకర్తగా, ఈ వీలునామా అమలుచేసే బాధ్యుడిగా నియమిస్తున్నాను. కల్లాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, పంచాయతీకి రాసివ్వడానికి ఆయనకు హక్కు లేదు.

పంచాయతీకి ఎందుకు వద్దో చెప్పాలి. యువత కోసమని వచ్చిన నిధులతో అప్పటి సర్పంచ్ రఘునాథ్ బడి వెనక ఆటస్థలం చేయించాడు. బంగారంలాంటి మట్టి నేల మీద సిమెంటు పోయించాడు. నేనప్పుడు వార్డు మెంబర్‌ను. గ్రామసభలో లేచి, "సిమెంటు మీద కబడ్డీ ఎట్ల ఆడుతరు నాయినా, మోకాళ్లు ఉంటయా?" అని అడిగాను. "మట్టిల పోసిన పైసలు కండ్లకు కనబడయి అవ్వా. సిమెంటైతె పనైందని అందరికి తెలుస్తది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పిల్లలు కొన్నాళ్లు అక్కడ ఆడి, మోకాళ్లు చెక్కుకుపోయాక మా కల్లానికి వచ్చేశారు. నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, పేడతో అలికిన నేల అది. పడితే దుమ్ము అంటుతుంది గానీ తోలు ఊడదు. మరి మిర్చి ఎక్కడ ఆరబోయాలా అని చూస్తే, ఎండకు పెనంలా కాగే ఆ సిమెంటు నేల కనబడింది. ఇప్పుడు ఊరి మిర్చి ఆటస్థలంలో ఆరుతోంది, ఊరి పిల్లలు మిర్చి కల్లంలో ఆడుతున్నారు. రఘునాథ్ మిర్చి కూడా అక్కడే, ముందు వరసలో. నవ్వకుండా ఉండడం నా వల్ల కాలేదు.

అయినా పంచాయతీ చేసిందంతా దండగ అనను. గ్రంథాలయం గదికి ఫ్యాన్లు, బల్లలు వేయించారు. పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దస్తమానం అక్కడే ఉంటారు. చూస్తే కడుపు నిండుతుంది. ఆ గది చేసేముందు ఆ పిల్లలనే పిలిచి ఏం కావాలో అడిగారు. ఆటస్థలానికి ఎవరినీ అడగలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

3. కల్లం మీద సిమెంటు, చుట్టూ గోడ, గేటుకు తాళం, నా పేరుతో కమాను, ఇవేవీ ఉండరాదు. ఎవరు కట్టినా జానీమియా ఊడబెరికించాలి. ఆయన దగ్గర గడ్డపార ఉంది.

4. నా టార్పాలిన్ పట్టాలన్నీ రఘునాథ్‌కు. మబ్బు పడితే ఆటస్థలానికి మొదట ఉరికేది ఆయనే. ఆయన మీద కోపం కొంత మిగిలే ఉంది. అయినా మిర్చి తడవకూడదు.

5. నా వెండి కడియాలు కూలి పనికి పోయే లచ్చమ్మ మనుమరాలు సంగీతకు. కబడ్డీలో ఈ పిల్ల కూతకు పోతే ఎదుటి జట్టంతా గీత దాకా వెనక్కి జరుగుతుంది. జిల్లా జట్టుకు ఎంపికైన రోజు నాకు ఏడుపు ఆగలేదు. ఆడేటప్పుడు మాత్రం కడియాలు తీసి పక్కన పెట్టాలి.

6. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆడపిల్లలను సాయంత్రం ఆటకు పంపడానికి ఇళ్లలో మొదట ఒప్పుకోలేదు. సంగీత నాయిన వచ్చి, "నువ్వు గాడ కూసుంటనంటె పంపుత అవ్వా, లేకుంటె లేదు," అన్నాడు. ఆ రోజు నుంచి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆట అయ్యేదాకా కూర్చుంటున్నాను. నన్ను చూసి మిగతా ఇళ్లవాళ్లూ పంపారు. నేను పోతే ఈ పిల్లల ఆట ఏమవుతుందన్న దిగులు తప్ప నాకు ఇంకే దిగులూ లేదు. కాబట్టి ఆ కుర్చీ లచ్చమ్మకు ఇస్తున్నాను. కుర్చీతో పాటు కూర్చునే పని కూడా ఆమెదే. అడిగితే ఒప్పుకుంది. "కూలికి పోయొచ్చినంక ఏడనన్న కూసునుడే గదక్కా, గీడనే కూసుంట," అంది.

7. నన్ను సాంసన్ పక్కన పాతిపెట్టి వచ్చాక, అదే సాయంత్రం లచ్చమ్మ ఆ కుర్చీలో కూర్చోవాలి, పిల్లలు ఆడాలి. నా మీద గౌరవంతో ఒక్కరోజు ఆపుతామంటే నేను ఒప్పుకోను. మగపిల్లలైతే మర్నాడు వస్తారు. ఆడపిల్లలను ఇంట్లో ఒక్కసారి ఆపితే మళ్లీ పంపరు.

సాక్షులకు చదివి వినిపించి, వాళ్ల కళ్ల ముందు సంతకం చేస్తున్నాను.

పెద్దబండగూడెం, 2026 మే 9

(సంతకం) బొల్లం యాకమ్మ

సాక్షులు:
1. ధర్మా, రైతు
2. సంధ్య, అంగన్‌వాడీ టీచర్