గోడంత ఉత్తరం

పిన్నికి,

నువ్వు దీన్ని చదవగలుగుతున్నావంటే తొమ్మిది కాగితాలూ సరిగ్గా అతికాయన్నమాట. మా ఇంట్లోది చవక ప్రింటరు, పెద్ద కాగితం పట్టదు. కానీ ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. అది ఒక్క పేజీని గోడంత పెంచి, తొమ్మిది ముక్కలు చేసి, మూలల్లో అంకెలు కూడా వేసి ఇస్తుంది. ఇంకు అయిపోవచ్చి ఆరో కాగితం కాస్త పాలిపోయింది, ఏమనుకోకు.

ఇన్నాళ్లూ నా ఉత్తరాలు నీకు బాబాయే చదివి వినిపించాడు. కంటి ఆపరేషన్ చేయించుకో, నేను వచ్చి పక్కనుంటాను అని మూడుసార్లు రాశాను. మొన్న ఫోన్లో అడిగితే నువ్వు "ఏ ఆపరేషనే?" అన్నావు. వెంటనే బాబాయి ఫోను అందుకుని వానల సంగతి ఎత్తుకున్నాడు. అప్పుడర్థమైంది, ఆ ముక్క రాగానే దాటేస్తున్నాడని. ఆయన్ని కోప్పడకు. నీకు సూది గుచ్చితే కళ్లు తిరిగేది ఆయనకే కదా.

అందుకే ఈ కాగితాలు బాబాయే అంటించాలని కవరు మీద రాశాను. గోడ మీదున్న ముక్కను దాటేయడం అంత సులువు కాదు.

పదో కాగితం విడిగా పెట్టాను. దాన్ని ఆయన కుర్చీకి ఎదురుగా నువ్వు అంటించు. అందులో ఉన్నది ఇంతే: "బాబాయ్, ఆ రోజు నీ చెయ్యి నేను పట్టుకుంటాను."

నీ అక్క కూతురు