గ్యాసు అనే గుర్రప్పిల్ల

అమ్మా,

ఒంట్లో బాగానే ఉంది, మొహమే చెల్లడం లేదు. నేను గుర్రాల డాక్టరునని వీధంతా చాటింపు వేస్తున్నావు కదా, ఇక చాలించు.

మొన్న గుర్రపుబండి ఆయన పిలిచాడు. కొత్తగా కొన్న ఆడగుర్రం మేత ముట్టకుండా కాళ్లు తన్నుకుంటోంది. "చూడి కట్టిందేమో చూడండి డాక్టరుగారూ" అన్నాడు. భుజం దాకా లోపలికి చెయ్యి పెడితే తెలిసిపోయేది. కానీ నువ్వు కుట్టి పంపిన తెల్ల చొక్కా తొడుక్కున్నాను. విప్పితే దర్జా పోతుంది, విప్పకపోతే చొక్కా పోతుంది. అందుకని పైపైన పొట్ట తట్టి, "ఉత్తి గ్యాసండీ" అని మందు పట్టించి వచ్చేశాను.

బజారు దాటకముందే ఆయన పరిగెత్తుకొచ్చాడు. పిల్ల కాలు మడతపడి సగంలో ఇరుక్కుంది. చొక్కాతోనే దిగాను. ఎలాగో తల్లీ పిల్లా దక్కాయి. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. పిల్లకి మాత్రం గ్యాసు అని పేరు పెట్టాడు. దారిన పోయేవాళ్లంతా "గ్యాసూ, ఇలా రావే" అని ముద్దు చేస్తుంటే తలెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

చొక్కా మీద నెత్తుటి మరకలు దేనితో పోతాయో రాయి. అన్నయ్య దగ్గు తగ్గిందా? ఇది నాన్నకి చదివి వినిపించకు. పోస్టుమాన్ ఎలాగూ చదివేసి ఉంటాడు, ఆయనకి నమస్కారం చెప్పు.

అసలు సంగతి. వదినకి పొట్ట ఉబ్బరమని నువ్వు రాస్తే, ఉత్తి గ్యాసేనని పోయిన కార్డులో రాశాను కదా. రేపే మనుషుల డాక్టరుకి చూపించు. బిడ్డే అయితే నా ఆశీస్సులు. పేరు మాత్రం నన్నడగొద్దు.

నీ చిన్నాడు