హాస్టల్లో చెప్పని ఊరు

అయినా, ఊరడిగితే చీరాలని చెప్పమని నేర్పింది నువ్వే కదా తాతయ్యా! నువ్వు పోయి ఏడాదైంది. బాపట్ల హాస్టల్లో నేనింకా ఆ అబద్ధమే మోస్తున్నాను. విసుగొస్తోంది.

ఈరోజు ఎకనామిక్స్ సారు, "చదువూ సంపాదనా లేకపోతే దొంగతనాలే గతి. ఏం, పక్కనే స్టూవర్టుపురం లేదేంటి?" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఛీ! ఏ తప్పూ చెయ్యకుండానే, ఆ ఊరివాడైనందుకే కుర్రతనంలో రోజూ పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకున్న మా తాతకి పనెవరిచ్చారని అడగాల్సింది.

సాయంత్రం నా రూమ్మేట్ వాచీ పోయింది. "పెట్టెలు తెరవండే!" అంటూ వార్డెన్ ఆంటీ గదులన్నీ వెతుకుతోంది. నా పెట్టెలో వాచీ లేదు, నీకు రాసి దాచుకునే, మన ఊరి పేరున్న ఈ కాగితాలే ఉన్నాయి. ఇవి చూస్తే చాలు, వాచీ దొరక్కపోయినా దొంగ దొరికినట్టే.

తలుపు కొడుతోంది. దిండు గలీబులో దాచేస్తున్నాను.